బడి స్టేజీకి వెల్వెట్ తెర

మిషనక్క చేతులు అప్పటికే కుట్లు ఊడదీస్తున్నాయి. ఎడమచేత్తో వెల్వెట్ అంచును బిగబట్టి, కుడిచేతిలోని బ్లేడుతో అక్కడొకటి ఇక్కడొకటి తెంపి, దారాన్ని సర్రున లాగుతోంది. పక్కనే కుర్చీ ఉన్నా నిలబడే ఉంది. తన పెళ్ళాం కూర్చోవడం చూడాలంటే కుట్టుమిషను ముందే చూడాలని వ్యాను నడిపే ఆమె భర్త అంటుంటాడు.

సాయంత్రం పక్కవీధి బడిలో వార్షికోత్సవం. ఆలోగా తెర చేరాలి. నిన్నటి దాకా బాగానే కనిపించింది. పొద్దున చర్చి వెనక హాల్లో తాడుకు వేలాడదీసి తలుపు తీయగానే వెలుగు పడి ఎర్రటి గుడ్డ మీద చారలు తేలాయి. ఒక ముక్క ముదురు, ఒక ముక్క లేత.

"డిజైనని చెప్పేద్దామక్కా," అంది ఆమె దగ్గర కుట్టు నేర్చుకుంటున్న పొడుగుపిల్ల, నవ్వించబోతూ. గుడ్డ కత్తిరించింది తనే.

"చెప్పు. స్టేజీ మీదకి జీబ్రాని కూడా నువ్వే పట్టుకురా."

వెల్వెట్‌కు నూగుంటుంది. ఒకవైపు నిమిరితే మెత్తగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి రంగు మారుతుంది. హాల్లో ఉన్నది సంఘం భోజనాల బల్ల, పొట్టిది. గుడ్డ నేలకు తగిలి మాసిపోతుందని పొడుగుపిల్ల దాన్ని ముందుకూ వెనక్కూ మడతలు వేసి కత్తిరించింది. మడత తిరిగిన ప్రతిసారీ నూగు తలకిందులైంది. ఇంకా అంచులు మడవలేదు, రింగులు బిగించలేదు. అదొక్కటే అదృష్టం. తలకిందులైన ముక్కల్ని విప్పి తిప్పి కుడితే చాలు.

ఆ పని మిషనక్క ఒక్కతే చేస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఫ్యాక్టరీలో ఆమె ఏళ్ల తరబడి కాలర్లే కుట్టింది. మిగతా చొక్కా సంగతి ఎవరూ చెప్పలేదు. పాతబట్టలు విప్పి, ముక్కలు నేలమీద పరిచి, మళ్లీ అతికి నేర్చుకుంది. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు పని నేర్పాలని చర్చి శిక్షణ పెట్టినప్పుడు ఆమెనే పిలిచారు. నేర్పడం ఆమెకు వచ్చు, చూస్తూ ఊరుకోవడమే రాదు. కుట్టు వంకరపోతే లాక్కుని తనే కుట్టేస్తుంది. ఒక సంఘ పెద్ద అది చూసి, "ఇది శిక్షణా, ఆవిడ దుకాణమా?" అన్నాడు. రేపు పెద్దలంతా ఆ సంగతి తేల్చడానికి కూర్చుంటారు. పిల్లలు కుట్టిన తెర వేళకు బడికి చేరితేనే శిక్షణ ఉంటుంది. లేదంటే ఈ హాలు మళ్లీ విరిగిన కుర్చీల గది.

పాస్టరమ్మ వచ్చి చారలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నువ్వే కూర్చుని లాగించెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?"

"లాగించేస్తానండీ. తెర వెళ్తుంది, దాని వెనకే శిక్షణ మూసుకుని మేమూ వెళ్తాం."

"సరే, ప్రార్థన చేస్తాను."

"చెయ్యండమ్మా. చేస్తూనే ఆ కొస పట్టుకోండి, గుడ్డ జారిపోతోంది."

పొడుగుపిల్ల ఒక్కో ముక్కనూ నిమిరి చూసి, నూగు ఎటు వాలిందో వెనకవైపు సుద్దతో గీసింది. ముక్కల్ని జతచేసి, జరగకుండా చేత్తో టాకా కుట్లు వేసింది. మిషను ముందు కూర్చుంది. వెల్వెట్ మీద వెల్వెట్ నిలవదు, పాకుతుంది. మిషనక్క ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చింది. దారం నిండిన బాబిన్లను తీసి చూసి పెట్టింది. కిటికీ దాకా వెళ్లి వచ్చింది. కుట్టు పక్కకు జరగడం చూడగానే చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది.

"అక్కా, చెయ్యి!"

"నేనేం చేశానే?"

"చెయ్యబోతున్నారు."

మిషనక్క రెండు చేతులూ చంకల్లో దోపుకుంది. పిల్ల మిషను ఆపి, జరిగిన కుట్టును తనే విప్పుకుని, తనే మళ్లీ మొదలుపెట్టింది. మెల్లగా. చూసేవాళ్ల ప్రాణం తోడేసేంత మెల్లగా.

బయట వ్యాను హారను మోగింది. "ఇంకా కాలేదా? ఆ నాటకమాడే పిల్లలకు నిజంగానే గడ్డాలొచ్చేస్తాయి!"

"హారను కొడితే సూది పరిగెత్తదండీ!"

"ఇంజను ఆపెయ్యనా మరి?"

"ముందు మీ నోరు ఆపండి!"

అంచులు అయ్యాయి, రింగులు పడ్డాయి. మళ్లీ తాడుకు ఎత్తారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఎరుపు. మిషనక్క మెచ్చుకోలేదు. ఒక చోట వేలాడుతున్న దారం చూపించింది. పిల్ల కత్తిరించింది.

బడిలో డ్రిల్లు మాస్టారు నిచ్చెన మీద ఎదురుచూస్తున్నాడు. "ఇప్పుడా రావడం?"

మిషనక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"కత్తిరింపులో నేను తప్పు చేశానండీ, సరిచేసి తెచ్చాం," అంది పొడుగుపిల్ల. "వెంటనే వేలాడదీసెయ్యండి. ఇస్త్రీ మాత్రం పెట్టొద్దు, నూగు అణిగిపోతుంది."

మాస్టారు నిచ్చెన దిగి చేతులు చాచాడు. పిల్ల తన భుజం మీది తెరను దించి అతని చేతుల్లో పెట్టింది.