ఆరో చాప రిపోర్టు

ల్యాబు నుంచి రక్తం తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి, అమ్మ మోచేతి మడత మీద స్పిరిటు రుద్దిన దూదిని కిటికీ గట్టు మీదే మరిచి వెళ్ళిపోయింది. పారేద్దామని చేతిలోకి తీసుకున్నదాన్ని, పారేయకుండా అలాగే కుర్చీలో కూలబడ్డాను. లేచే ఓపిక లేక కొంత, ఆ వాసన వల్ల కొంత. తుంటి విరిగి అమ్మ మంచాన పడి ఇది మూడో నెల. ఈ మూడు నెలల్లో నాకు మిగిలింది ఓపిక కాదు, అలవాటు.

ఆ వాసన అమ్మమ్మది. నరసరావుపేటలో ఆసుపత్రి నర్సుగా చేరి, వార్డు హెడ్డు నర్సై, చివరికి నర్సులందరి మీదా పెద్దగా రిటైరైన మనిషి. ఊళ్ళో అందరూ మేట్రనమ్మ అనే వాళ్ళు, అసలు పేరు చర్చి పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అన్నం వార్చిన గంజిలో ముంచి, నీలిమందు పెట్టి ఆరేసిన తెల్లచీర ఆమె కట్టుకుని నడుస్తుంటే కాగితం నలిగినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినపడగానే వార్డులో చుట్ట వెలిగించిన ముసలాళ్ళు దాన్ని మంచం కిందికి తోసేసేవాళ్ళట, ఇంట్లో పిల్లలం మేం చేతిలో ఉన్న పచ్చిమామిడికాయ ముక్కల్ని చొక్కాల కిందికి తోసేసే వాళ్ళం. ఇంటికొచ్చినా ఆమెకు తెరిపి ఉండేది కాదు. కొట్ల బజారు నుంచి కోమట్ల ఆడవాళ్ళూ, రొంపిచెర్ల వైపు నుంచి కూలికొచ్చిన తల్లులూ పిల్లల్ని చంకనేసుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాళ్ళు. కళ్ళ కింది రెప్ప లాగి చూసి, నాలిక చూసి, "పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురా, నేనుంటా" అనేది. ఉండేది కూడా.

ఎండాకాలం సెలవులకి నలుగురు కూతుళ్ళ పిల్లలం, ఏడుగురం, ఆ ఇంట్లో చేరేవాళ్ళం. పగలంతా మేడల మీద ఎండబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, ఏడుపెంకులాట ఆడి మోకాళ్ళు చెక్కుకుపోయి, జొన్నన్నంలో గోంగూర కలుపుకుని నూనె కారేలా తిని, పొద్దుగూకాక నీళ్ళు చల్లి చల్లబరిచిన నాపరాళ్ళ మీద వరసగా చాపలు పరుచుకునేవాళ్ళం. ఒక్కో చాపకీ ఒక నంబరు. అది అమ్మమ్మ పెట్టిన పద్ధతి. ఆసుపత్రిలో డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి ఒక్కో మంచం దగ్గరా ఆగి రోగి సంగతి ఒప్పజెప్పాలి. దాన్నే రిపోర్టు ఇవ్వడం అంటారు. పగలు ఇంటి డ్యూటీ నాది, ఎందుకంటే అందరిలోకీ పెద్దదాన్ని, పదేళ్ళదాన్ని. అమ్మమ్మ పళ్ళెం ముందు కూర్చోగానే నేను ఎదురుగా నిలబడి చెప్పేదాన్ని. రెండో చాపకి దగ్గు తగ్గింది. మూడో చాప అన్నం సగమే తిన్నాడు. నాలుగో చాపకి రెండుసార్లు విరేచనం. అన్నీ విని, ఆఖరికి నా వైపు చూసి, "మరి రిపోర్టు ఇచ్చేదాని సంగతేంది? తిన్నావా?" అనేది. ఒకటో చాప నాది. ఆ మాట కోసమే నేను మిగతాదంతా శ్రద్ధగా చెప్పేదాన్నని ఇప్పుడనిపిస్తుంది.

సెలవు పెట్టడం ఎరగని మనిషి, ఆ ఏడు ఒక్కరోజు సెలవు పెట్టి మమ్మల్నందర్నీ ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళ్తానంది. నమ్మలేకపోయాం. షరతు ఒక్కటే. "ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ప్రయాణం లేదు. బస్సులో ఏడుగుర్ని నేను మొయ్యలేను" అంది. ఆ పూట నుంచి ఎవరు తుమ్మినా మిగతా వాళ్ళం వాళ్ళ నోరు మూసేవాళ్ళం.

ప్రయాణం రెండు రోజులుందనగా చంటిగాణ్ణి కుక్క కరిచింది. చంటి మా పిన్ని కొడుకు, ఆరేళ్ళవాడు, ఆరో చాప. సందు చివర ఈనిన కుక్క దగ్గర కుక్కపిల్లని ఎత్తుకోబోతే తల్లి వాడి పిక్క పట్టింది. రెండు పళ్ళగాట్లు, కాస్త నెత్తురు. కుక్క కరిస్తే కారం అద్దాలని మా వైపు పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. నేనూ అదే చేశాను. వంటింట్లో జాడీలోంచి కొత్తకారం గుప్పెడు తీసి అద్దాను. వాడు చొక్కా అంచు నోట్లో కుక్కుకుని, కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నా కిక్కురుమనలేదు. వాడికీ ఎత్తిపోతల చూడాలని ఉంది మరి. పాతగుడ్డ కట్టి, పైన పైజామా తొడిగాను. ఆ సాయంత్రం అమ్మమ్మ ఎదుట నిలబడి, "ఆరో చాప బాగుంది" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. "సరే" అంది, రెండుసార్లూ.

మాచర్ల దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. పులిహోర మూటలు, ఉడకబెట్టిన గుడ్లు, తువ్వాళ్ళు, ఒక బట్టల సబ్బు. ఎండాకాలం కాబట్టి జలపాతం నూలుపోగుల్లా సన్నగా పడుతోంది గానీ, పక్కన వాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. అందరం దిగాం. చంటి దిగలేదు. రమ్మంటే వెనక్కి జరిగాడు. చెయ్యి పట్టి లాగితే నీళ్ళవంక చూసి గోలగోలగా ఏడ్చాడు. కుక్క కరిచిన వాళ్ళు నీళ్ళంటే భయపడి చచ్చిపోతారని అమ్మమ్మే ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. వాడు చచ్చిపోతాడు, నావల్ల చచ్చిపోతాడు అనుకున్నాను.

"ఏందే, ఏమైంది?" అంది అమ్మమ్మ, నా మొహం చూసి.

"వాణ్ణి కుక్క కరిసింది అమ్మమ్మా. మొన్న. నేనే బాగుందని చెప్పా."

ఆమె స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి వాడి నోటికందించి, వాడి గొంతు వైపే చూస్తూ, "తాగరా" అంది. వాడు గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగాడు. అప్పుడు అమ్మమ్మ బండ మీద కూర్చుంది.

"మరి నీళ్ళలో దిగవేందిరా?"

"మంట పుట్టుద్ది. అక్క కారం పెట్టింది."

మిగతా పిల్లలు పకపకా నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. వాడి కాలు పారే నీళ్ళలో పెట్టి, ఆ బట్టల సబ్బుతోనే కడిగింది, కడిగింది, ఎంతసేపు కడిగిందో. వాడు అరుస్తూనే ఉన్నాడు. పులిహోర మూట కూడా విప్పకుండా వెనక్కి బస్సెక్కాం. తిన్నగా ఆసుపత్రికే.

అప్పట్లో బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు. రోజూ అమ్మమ్మ వాడితోపాటు నన్నూ తీసుకెళ్ళేది. వాడి చెయ్యి పట్టుకోవడం నా పని. వాడు నా వేళ్ళు విరిచేసేంత గట్టిగా పట్టుకునేవాడు. శిక్ష అని ఎవరూ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో రోజో ఐదో రోజో తిరిగొస్తూ ఉంటే ఆమే అంది, "నాదీ తప్పేనే. వార్డులో ఏ నర్సు బాగుందన్నా దుప్పటి తీసి చూడకుండా నమ్మేదాన్ని కాదు. నువ్వని నమ్మా." అప్పుడు ఏడ్చినంత నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. ఆ కుక్క మాత్రం దిలాసాగా ఇంకో రెండేళ్ళు ఆ సందులోనే తిరిగింది.

ఆ రోజు నుంచి నేను ఏ చాప సంగతి చెప్పినా ఆమె ఒకే మాట అడిగేది. "చూసి చెప్తున్నావా?" చూసే చెప్పేదాన్ని. ఒక్కొక్కడి పైజామా మడిచి, నాలిక చాపించి, అప్పుడు చెప్పేదాన్ని.

రిటైరయ్యాక చాలా ఏళ్ళకి ఆమెకి కాలేయంలో గడ్డ వచ్చింది. ఆమెకు చెప్పొద్దని అమ్మా పిన్నులూ అనుకున్నారు. జీవితమంతా ఇంకొకరి రోగాలు చదివిన మనిషికి తెలియకుండా ఎలా దాస్తామనుకున్నారో ఇప్పటికీ నాకర్థం కాదు. ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, కళ్ళు మూసుకునే, "నా రిపోర్టు చెప్పవే" అంది. "బాగుంది అమ్మమ్మా" అన్నాను.

"చూసి చెప్తున్నావా?"

నా చెయ్యి తీసుకుని తన కుడి డొక్క కింద పెట్టుకుంది. "నొక్కి చూడు. గట్టిగా తగులుద్దా? ఇప్పుడు చెప్పు." చెప్పాను. గట్టిగా ఉందని, పెద్దగా ఉందని, డాక్టర్లు ఇంకేమీ చెయ్యలేమన్నారని. "ఆ. అదీ రిపోర్టంటే" అని, "తిన్నావా?" అంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. నాపరాళ్ళు తవ్వేసి దుకాణాలు కట్టారు. అమ్మమ్మ గాజు సిరంజీలు మరిగించే స్టీలు డబ్బా ఎవరింటికి పోయిందో తెలియదు. గంజి పెట్టిన చీర చప్పుడు విన్నవాళ్ళమే తగ్గిపోయాం. చాపల వాళ్ళం ఫోన్లో గ్రూపై మిగిలాం. చంటి చిలకలూరిపేటలో నూలుమిల్లులో చేస్తాడు, రోజూ పొద్దున్నే అడుగుతాడు, "పెద్దమ్మకి ఎలా ఉంది అక్కా?" రోజూ రాస్తాను, "బాగుంది."

ఇవాళా టైపు చేశాను. దూది వాసన ఇంకా వేళ్ళకే ఉంది. పంపకుండా లేచి, అమ్మని పక్కకి ఒత్తిగిల్లించి, చీర తప్పించి చూశాను. నడుం కింద అర్ధరూపాయంత మేర ఎర్రగా కందింది, పడకపుండుకి మొదలు. ఎన్నాళ్ళనుంచి కందిందో. రోజూ ఒళ్ళు తుడుస్తూనే ఉన్నాను, చూడటం మానేశాను. బాగుంది అన్న మాట చెరిపేసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.

వాడు జవాబు రాయలేదు, ఫోన్ చేశాడు. పుండు సంగతి కాసేపు అడిగి, సాయంత్రం బస్సుకి వస్తానని చెప్పి, పెట్టేయబోతూ ఆగాడు.

"అక్కా, నువ్వు తిన్నావా?"

ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళైందో.

"లేదురా" అన్నాను.