గొడుగుల గద్ద

గొడుగులాయనకు తన అసలు పేరుతో పనిపడి చాలా ఏళ్లయింది. బజారు మలుపులో, చెప్పుల దుకాణం అరుగు మీద ముప్పై నాలుగేళ్లు గొడుగులు బాగుచేశాడు. తరువాత జనం విరిగిన గొడుగు పారేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. బాగుచేయించుకునేవాళ్లు రాలేదు. గాలివాన వెలిసిన ప్రతిసారీ కాలవ పక్కన, చెత్తకుండీ దగ్గర, కాళ్లు విరిగిన సాలీళ్లలా గొడుగులు పడి ఉండేవి.

మొదట ఊరుకోలేక ఏరుకొచ్చాడు. ఊచలు ఒక మూల, గుడ్డలు ఒక మూల, పిడులు మంచం కింద. ఏం చేయాలో తెలియకుండానే ఒకనాడు రెండు ఊచలను సన్న తీగతో కట్టాడు. అది రెక్కలా వంగింది. ఆ వంపు ఆయనకు నచ్చింది.

ఏడేళ్లకు మేడ మీది గదిలో, దూలానికి వేలాడుతూ ఒక గద్ద తయారైంది. ఒకదాని మీద ఒకటిగా నల్లగుడ్డ ఈకలు. ఎండకు వెలిసిన గుడ్డ పొట్ట కింద, నిగనిగలాడే గుడ్డ రెక్కల చివర. ఆయన దాని కిందే వండుకునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. కిటికీ తెరిస్తే ఈకలన్నీ ఒక్కసారిగా కదిలేవి. ఆ గదిలో ఆయన కాక కదిలేది అదొక్కటే.

కింది వాటాలో వదిన ఉండేది. అన్న పోయాక ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. మెట్లెక్కడం మానేసి కింద నుంచే కేకేసేది.

"మరిదీ, బతికే ఉన్నావా?"

"ఉన్నాను వదినా."

చాలా రోజులు ఆయన నోటి వెంట వచ్చే మాటలు అవే.

గద్ద సంగతి చెప్పుల దుకాణం వాడి నోట పడి గ్రంథాలయం దాకా పోయింది. అక్కడి అధికారిణి స్వయంగా వచ్చి, చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడింది.

"కొత్త హాల్లో కప్పు బాగా ఎత్తు, బాబాయిగారూ. దీన్ని అక్కడ వేలాడదీస్తాం. కింద మీ పేరు రాయిస్తాం. రోజూ వందమంది చూస్తారు. ఇస్తారా?"

ఆయన సరేనన్నాడు.

సోమవారం వడ్రంగి వచ్చి టేపు గుమ్మానికి పట్టాడు, గద్దకు పట్టాడు, నవ్వాడు.

"ముక్కు నుంచి తోక దాకానే గుమ్మం కంటే పొడుగుంది పెద్దాయనా. ఆ వంగిన రెక్కలతో ఎటు తిప్పినా బయటికి రాదు. రెక్కలు కోసేసి తీసుకుపోదాం. అక్కడ అతుకుదురుగాని. అతుకులేయడం మీకు చేతకాని పనా?"

"ఆలోచించి చెబుతాను."

ఆ సాయంత్రం వదిన గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి వచ్చింది.

"ఇన్నాళ్లూ దీన్ని నా నెత్తిన పెట్టావా?" అంటూ మంచం అంచున కూలబడింది. "అవునుగానీ మరిదీ, పిడి కోయాలన్నా రెండుసార్లు కొలిచేవాడివి. గుమ్మం కొలవడం మరిచిపోయావా?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"కొలిచాను."

"ఎప్పుడు?"

"నాలుగో ఏట. అప్పటికి సరిగ్గా గుమ్మం పట్టేంత ఉంది. ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాను. అక్కడ ఆపితే ఎవరైనా అడగవచ్చు, నేను ఇచ్చేయవచ్చు. అందుకని ఇంకో ఊచ కట్టాను."

"మరి ఆవిడతో సరేనని ఎందుకన్నావు?"

"అడిగింది కదా, వదినా."

ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి, గోడ పట్టుకుని లేచి మెట్ల వైపు నడిచింది.

మర్నాడు ఆయన గ్రంథాలయానికి నడిచి వెళ్లాడు.

"రెక్కలు కోయలేనమ్మా. ఇంకొకటి, చిన్నది, చేసిస్తాను."

"ఆ పెద్దదాన్ని చూశాక..." అని అధికారిణి ఆగింది. "సరే, చూద్దాం లెండి."

గొడుగు బాగుచేయడానికి ఎంతవుతుందో అడిగి మళ్లీ రానివాళ్లు కూడా అలాగే అనేవారు. ఆయన దండం పెట్టి వచ్చేశాడు.

మెట్ల దగ్గర వదిన తలుపు ఓరగా ఉంది.

"ఏమంది?"

"చూద్దామంది."

"అంటే రాదన్నమాట."

"రాదు."

"నా మోకాళ్లు నిప్పుల్లా ఉన్నాయి మరిదీ. నేనూ మళ్లీ ఎక్కలేను."

"ఎక్కొద్దులే."

ఆయన పైకి వెళ్లాడు. వడ్రంగి టేపు తగిలి తోకలో ఒక ఊచ వదులైంది. తీగముక్క పళ్ల మధ్య పెట్టుకుని, దాన్ని బిగించడానికి మంచమెక్కాడు.