హయాత్ ఎక్కనన్న విమానం

వినుకొండ చుట్టుపక్కల మిరప చేలల్లో హయాత్ వేసిన బోర్లు లెక్కలేనన్ని. నీళ్లు అడుగంటి ఇక్కడ పని పలచబడ్డాక, గుంటూరు మనిషి ప్రకాష్ మేనేజరుగా ఉన్న డ్రిల్లింగ్ కంపెనీలో చేరి తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్లాడు.

ఆఫ్రికా వాళ్ల విమానాలు నమ్మడానికి లేదని ఊళ్లో చాలామంది భయపెట్టారు. తీరా ముంబయిలో ఎక్కిన పెద్ద విమానం ఆ దేశానిదే అయినా అద్దంలా ఉంది. వేళకి లేచింది, వేళకి దిగింది. ఊరివాళ్ల మాటలు తలుచుకుని హయాత్ నవ్వుకున్నాడు. ఆ నవ్వే అతణ్ని కొన్నాళ్లు ఏమరుపాటులో పెట్టింది.

రాజధాని నుంచి బోర్లు వేసే చోటికి వెళ్లేది వేరే విమానం, ఒక చిన్న ప్రైవేటు కంపెనీది. మొదటిసారి ఎక్కినప్పుడు సీటు బెల్టు కొక్కెం పట్టలేదు. ముడి వేసుకోమని పక్కాయన సైగ చేశాడు. రెండోసారి గాల్లో ఉండగానే ఒక ఇంజను చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. ఎవరూ కేక వేయలేదు. దిగాక పైలట్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ప్రకాష్‌ని అడిగితే, ఇన్నేళ్లలో ఒక్కరూ చావలేదు కదా అన్నాడు. బోరు రిగ్గు మీద హయాత్‌తో పనిచేసే జుమా అనే అక్కడి మనిషి మరో మాట చెప్పాడు. ఆ పెద్ద విమానం తమకు గర్వమట. ఈ చిన్నదాన్ని మాత్రం దాని సంగతి తెలిసినవాళ్లెవరూ ఎక్కరట, ఎంత ఆలస్యమైనా బస్సుకే పోతారట.

తర్వాతి ప్రయాణంనాడు వాన పడుతోంది. రెక్క కింద ఒకతను బకెట్టు పట్టుకుని నిలబడి, పైనుంచి కారే నూనెను అందులో పడుతున్నాడు. జనం అతణ్ని దాటుకుని మెట్లెక్కుతున్నారు. హయాత్ సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. బస్సులో వస్తానని ప్రకాష్‌కి ఫోన్ చేసి చెప్పాడు.

అతను చేరేసరికి విమానం ఎప్పుడో క్షేమంగా దిగింది. అతను లేక పని ఆగిందని ఉద్యోగంలోంచి తీసేశారు.

వినుకొండలో నవ్వనివాళ్లు లేరు. భార్య నజీరా మాత్రం నవ్వలేదు. అయినా ఆమె తమ్ముడు అస్లాంకి ప్రకాష్ అదే ఉద్యోగం ఇస్తానన్నప్పుడు వద్దనలేకపోయింది. హయాత్ తను చూసిందంతా చెప్పాడు. అస్లాం ఫోన్ తీసి, ఆ చిన్న విమానాల కంపెనీకి జనం ఇచ్చిన స్టార్లు చూపించాడు. అయిదుకి నాలుగున్నాయి. సామాన్లు పోలేదనీ టీ బాగుందనీ రాశారు.

"రాసినోళ్లంతా క్షేమంగా దిగినోళ్లేరా," అన్నాడు హయాత్.

అస్లాం వెళ్లాడు. మిరప కోతల రోజుల్లో కబురు వచ్చింది. లేస్తూ లేస్తూనే ఆ విమానం రన్‌వే దాటి పొలాల్లో పడింది. ముందు వరసలవాళ్లు పోయారు. అస్లాం కాలు విరిగి బతికాడు. నజీరా ఆ రోజంతా కళ్లంలో ఎండుమిరపకాయల పక్కన కూర్చుండిపోయింది, పిలిచినా లేవలేదు.

అస్లాం ఇంటికొచ్చి, కాలు కుదురుకుని నడక మొదలుపెట్టాక, మళ్లీ పనికి రమ్మని ప్రకాష్ ఫోన్ చేశాడు.

"ఆ విమానాల కంపెనీ మూసేశారంట బావా. ఇప్పుడు కొత్త కంపెనీ, కొత్త విమానాలు," అంటూ అస్లాం, ప్రకాష్ పంపిన విమానం ఫోటో చూపించాడు.

హయాత్ వేళ్లతో పెద్దది చేసి చూశాడు. నీలం రంగు కింద పాత పేరు అక్షరాలు ఉబ్బెత్తుగా తెలుస్తూనే ఉన్నాయి. ఫోన్ నజీరా చేతికిచ్చాడు.

ఆమె ఆ అక్షరాలు చూసి, "అది ఎక్కనని నాకు మాటివ్వు," అంది తమ్ముడితో.

అస్లాం మాటిచ్చాడు. ఆఫ్రికా వెళ్లాక, బోర్లు వేసే చోటికి చేరానని ఫోన్ చేశాడు. ఎందులో వచ్చావురా అని నజీరా అడిగింది. లైను సరిగా లేదక్కా, తర్వాత మాట్లాడతానన్నాడు.