ముందు ముక్కు

మా ఫ్లెక్స్ షాపు పక్క గేటుకి ఇవాళ ఎనామిల్ పెయింట్ వేస్తున్నారు. ఆ వాసనకి మస్తాన్ మావయ్య గుర్తొచ్చాడు. భవానీపురంలో మా సందులో బోర్డులు రాసే పెయింటర్.

మీరూ పలక మీద కార్టూన్ కుక్కని గీసే ఉంటారు కదా? నేను తోక నుంచి మొదలుపెట్టేదాన్ని. తల దగ్గరికొచ్చేసరికి పలక అయిపోయేది. "కుక్కకీ తల లేదు, నీకూ లేదు," అని టీచర్ క్లాసంతటినీ నవ్వించింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఆ రోజే బొమ్మలు మానేద్దామనుకున్నాను.

సాయంత్రం కిరాణా షట్టర్ మీద పేరు రాస్తున్న మావయ్య నా పలక చూశాడు. నవ్వలేదు.

"ముందు ముక్కు పెట్టు తల్లీ. కుక్క దాని వెనకాలే వచ్చేస్తది."

బ్రష్ నా చేతికిచ్చి షట్టర్ అడుగున గీయమన్నాడు. చెవులు, నాలుక, తోక అన్నీ పట్టాయి.

"షాపాయన తిడితే?"

"కాపలాకి పెట్టామని చెప్తాలే."

ఇందాక మా షాపుకి కుక్కల ఆసుపత్రి బోర్డు ఆర్డరొచ్చింది. "బొమ్మ నెట్లోంచి దింపెయ్, పనైపోద్ది," అన్నాడు మా ఓనర్. "నేనే గీస్తానండీ," అన్నాను. గీశాను. "ఏ కాలేజీలో నేర్చుకున్నావమ్మా?" అని నోరెళ్లబెట్టాడు.

ఏ కాలేజీ గడపా తొక్కలేదు నేను. మావయ్యా, ముందు ముక్కే పెట్టాను.