కొలత తీయని చొక్కా

మంచు సముద్రం ఒడ్డున మా ఊళ్ళో బెనిగ్నె కుట్టిన తుయిలిక్ వేసుకోకుండా కయాక్ పడవ ఎక్కిన వేటగాడు లేడు. తల మీది టోపీ నుంచి మనిషి కూర్చునే పడవ నోటి అంచుదాకా ఒకటే సీలు తోలు చొక్కా అది. మొహం చుట్టూ ఒక తాడు, మణికట్లకి రెండు, నడుం దగ్గర పడవకి బిగించేది ఒకటి. అన్నీ సరిగ్గా బిగిస్తే పడవ తలకిందులైనా లోపలికి నీళ్ళు రావు. తెడ్డు ఒక్క విసురు విసిరి మళ్ళీ పైకి లేవచ్చు. మా వాళ్ళు ఈత ఎందుకు నేర్చుకోరని అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నీళ్ళలో ఈది ఎక్కడికి పోతారు, మంచుగడ్డ మీదికా?

బెనిగ్నె ఏనాడూ టేపు పట్టలేదు. మనిషిని ఒకసారి గట్టిగా కావలించుకునేది, అంతే. "నీ కొలత నా చేతుల్లో ఉందిలే, ఇక పో" అనేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు సిగ్గుతో మెలికలు తిరిగితే, "నీ పెళ్ళాం కంటే ముందు నేనే పట్టుకున్నానని చెప్పు దానికి!" అని ఊరంతా వినేలా అరిచేది. నలభై ఏళ్ళలో ఆ చేతికొలత ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆమె భర్త పావియా సముద్రం మీదే గుండె ఆగి పోయాడు. మూడు వారాలకి నాకు రెండో ఆడపిల్ల పుట్టింది. పోయినవాళ్ళ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టాలి, లేకపోతే ఆ పేరు దిక్కులేక చలిలో తిరుగుతుంది. ఆడా మగా అన్న పట్టింపు లేదు. అలా నా కూతురు పావియా అయింది. ఆ రోజు నుంచీ బెనిగ్నెకి నా కూతురే మొగుడు.

పొద్దున్నే వచ్చి ఉయ్యాల్లోకి తొంగిచూసి, "ఏమండీ, లేచారా?" అనేది. పిల్లకి నాలుగేళ్ళు వచ్చేసరికి అది కూడా నడుం మీద చేతులు పెట్టుకుని, "బెనిగ్నే, కాఫీ ఏదీ?" అని గదమాయించడం మొదలెట్టింది.

"చూశావా, అదే గొంతు! లేచింది మొదలు ఇదే గోల!" అని మురిసిపోయేది ముసలిది.

"ముక్కు తుడిచేది నేను, మురిసేది నువ్వూనా అత్తా?" అనేదాన్ని. ఊళ్ళో అందరిలాగే నేనూ ఆమెని అత్తా అనే పిలిచేదాన్ని.

"నువ్వు తల్లివే, ఎవరు కాదన్నారు? ఆయన్ని మాత్రం చిన్నబుచ్చకు."

పావియా కయాక్‌లోనే పెరిగింది. పడవ తిరగబడితే లేవడం వాళ్ళ నాన్న ఎనోక్ పన్నెండో ఏటే నేర్పాడు. ఇరవై నిండగానే కొమ్ము తిమింగలం వేటకి పోతానంది. మోటారు బోటు చప్పుడుకి అది దొరకదు, కయాక్‌లోనే వెనక నుంచి చప్పుడు కాకుండా వెళ్ళి ఈటె వెయ్యాలి. బెనిగ్నె విని ఏడ్చింది. "మళ్ళీ సముద్రమేనా? మీకిక బుద్ధి రాదండీ!" అని తిట్టింది. తిడుతూనే ఆ చలికాలమంతా కూర్చుని చొక్కా కుట్టింది.

కావలించుకుని కొలత మాత్రం తియ్యలేదు. నేను అడిగాను కూడా. "మా ఆయన్ని నేను కొలవాలా? నాకు తెలీని ఒళ్ళా అది!" అని నవ్వింది.

చొక్కా తొడిగి చూశాం. నా కూతురిది సన్నటి చెయ్యి. మణికట్టు దగ్గర తోలు మడతలు పడింది. "కాస్త వదులేమో అత్తా" అన్నాను.

"ఆయనకి అలాగే ఉండాలి" అంది బెనిగ్నె. చొక్కాని కళ్ళార్పకుండా చూస్తోంది.

పావియా నా చెయ్యి నొక్కింది. "ఊరుకో అమ్మా, తాడు ఇంకో చుట్టు వేస్తానులే. ముసలామె మనసు కష్టపెట్టకు" అని గొణిగింది. నేను నోరు మూసుకున్నాను. ఎవరి మీద పడితే వాళ్ళ మీద విరుచుకుపడే నోరు, ఆ పూట మూసుకుంది.

ఆ చొక్కా వేసుకుని రేవులో ఒకసారి బోల్తా కొట్టి లేచింది. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక, చొక్కా లోపల వేసుకున్న దాని స్వెట్టరు పొయ్యి దగ్గర ఆరేసి ఉంది. కుడి చెయ్యి మోచేతిదాకా తడి. చూశాను. ఏ పాత్రో కడిగి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది, అంతే.

జూలైలో తండ్రీ కూతురూ వేటకి వెళ్ళారు. మూడో రోజున, ఎనోక్ కళ్ళ ముందే, తిమింగలం తోక విసురుకి దాని పడవ తిరగబడింది. లేచింది. మళ్ళీ తిరగబడింది, మళ్ళీ లేచింది, కానీ ఈసారి చేతులు పైకి రావడం లేదట. మూడోసారి సగం లేచి పడిపోయింది. ఎనోక్ ప్రాణం పెట్టి తెడ్డేసుకుంటూ వెళ్ళి బయటికి లాగాడు. ఒడ్డుకి తెచ్చి మణికట్టు తాళ్ళు కోస్తే చొక్కా చేతుల్లోంచి నీళ్ళు ధారగా కారాయట. అప్పటికే చలి దాన్ని తీసుకుపోయింది.

శవపెట్టె దగ్గర బెనిగ్నె ఏడవలేదు. పిల్ల మణికట్టు చుట్టూ తన వేళ్ళు పెట్టి చూసుకుంది. వేలి మీద వేలు ఎక్కింది.

"నేను ఆయనకి కుట్టాను. పిల్లకి కుట్టలేదు" అంది.

"అవును! నా పిల్లకి కుట్టలేదు నువ్వు!" అని అరిచాను. అందరూ నన్ను పట్టుకుని పక్కకి లాగారు. స్వెట్టరు సంగతి మాత్రం చెప్పలేదు. ఎనోక్‌కి కూడా చెప్పలేదు.

ఆమె సూది మూలన పడేసింది. కయాక్ వేటగాళ్ళు వచ్చి బతిమాలినా తలుపు తియ్యలేదు. మా ఇంటివైపు కూడా రాలేదు, నేనూ పిలవలేదు.

ఫిబ్రవరిలో మా పెద్దమ్మాయి సోఫియెకి ఆడపిల్ల పుట్టింది. "ఆ పేరు పెట్టారంటే నేను ఈ ఇంట్లో ఉండను" అన్నాను. ఎనోక్ తల ఎత్తకుండా, "మన పిల్లని చలిలో వదిలేస్తావా?" అన్నాడు. ఆ పేరే పెట్టాం.

పేరు పెట్టిన రోజు కాఫీకి ఊరంతా వచ్చింది. ఆఖరున బెనిగ్నె వచ్చింది. ఏమండీ అని మాత్రం అనలేదు. ఉయ్యాల పక్కన కూర్చుని, "నీ చెయ్యి ఒకసారి ఇస్తావా తల్లీ?" అంది. జేబులోంచి తోలు కుట్టే నరం దారం తీసి ఆ బొటనవేలంత మణికట్టు చుట్టూ వేసింది. నా వైపు తిరిగింది.

"నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు చూసి చెప్పు."

"అత్తా, ఆ రోజు స్వెట్టరు చెయ్యి మోచేతిదాకా తడిసింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

బెనిగ్నె తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. దారం కొస నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పు మరి" అంది.

దారం కింద వేలు పెట్టి చూశాను. "వదులుగా ఉంది అత్తా. ఇంకొంచెం బిగించు."