దర్వాజ ఎత్తిన రోజు

మా ఇంట్లో తాపీ పట్టిన మొదటి మనిషిని నేనే. అమ్మ సారంగాపూర్‌లో ఊరివాళ్ళ పొలాల్లో నాట్లు వేస్తూనే ముసలిదైపోయింది. నాకు ఆ బురద వద్దనుకుని జగిత్యాల కూలీల అడ్డా మీదకు వచ్చాను. ఇక్కడ బురదకు సిమెంటు అని పేరు, అంతే తేడా. ఏళ్ళ తరబడి తట్ట మోశాను. మా పనిలో మగవాడు తట్టతో మొదలుపెట్టి మేస్త్రి అవుతాడు. ఆడదానికి చివరిదాకా తట్టే. ఎందుకట్లా అని అడిగితే నవ్వేవారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

సిరిసిల్ల నుంచి వచ్చే మా మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. మరమగ్గాల షెడ్డు మూతపడితే, నెత్తి నెరిశాక ఈ పని నేర్చుకున్న మనిషి ఆయన. ఓ మధ్యాహ్నం తాపీ నా చేతిలో పెట్టి, "గా మూల నువ్వు కట్టు బిడ్డా, సూద్దం" అన్నాడు. కట్టాను. కూల్చేశాడు. మళ్ళీ కట్టాను. అట్లా నాకు పని వచ్చింది. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వస్తున్న అలికిడి అయితే మాత్రం తాపీ ఆయనకిచ్చి తట్ట ఎత్తుకునేదాన్ని.

"దర్వాజ ఎత్తినోళ్ళే మేస్త్రి. నీతోని ఒక్క దర్వాజ ఎత్తిపిస్త. ఎనుక ఎవ్వలేమన్నా నువ్వు మేస్త్రివే" అనేవాడు. ఆ మాట పట్టుకుని ఎండల్ని దాటాను.

తెలంగాణ కోసం ఎక్కడో ఓచోట రోజూ రోడ్డు ఆగిపోతున్న కాలం అది. కోరుట్లలో ఓ ఇంటి పని పట్టాం. బేస్‌మెంట్ లేచింది. దర్వాజ ఎత్తే, అంటే ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం నాడే బంద్ పడింది. ముందురోజు సిరిసిల్ల వెళ్ళిన మేస్త్రి అక్కడే చిక్కుకుపోయాడు. చెక్కకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, మామిడాకులు కట్టారు. ఎత్తే మనిషే లేడు. ఇంటామె ఫోన్ చేస్తే ఆయన, "మా పిల్లకు పనొస్తదమ్మా, దాంతోని ఎత్తిపియ్యుండ్రి" అన్నాడు.

"ముహూర్తం దాటిపోతాంది. ఇగ ఏం జేస్తం, కానియ్యి" అంది ఆమె నా ముఖం చూడకుండానే.

ఇద్దరు కూలీలు చెక్క పట్టుకున్నారు. తూకం చూసే గుండు వేలాడదీసి, అటు జరిపి ఇటు జరిపి, కింద సిమెంటు మాలు పోసి, ఇరువైపులా కర్రలు పోటు పెట్టి నిలబెట్టాను. చేతులు తీసి చూస్తే దర్వాజ కదలలేదు. ఆ క్షణం నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. దర్వాజ ఎత్తిన మేస్త్రికి కొత్త తువాల కప్పడం ఆనవాయితీ. పళ్ళెంలో తువాల ఉంది. "మేస్త్రి అచ్చినంక కప్పుతం" అని ఇంటామె లోపల పెట్టేసింది. పోనీలే అనుకున్నాను. దర్వాజ అయితే ఎత్తాను కదా.

మర్నాడు బస్సులు తిరిగాయి. మేస్త్రి వచ్చి గుండు పట్టి చూసి, "సక్కగనే ఉన్నది" అన్నాడు.

"సక్కగుంటే ఉండనియ్యి. ఆడిమనిషి ఎత్తిన దర్వాజల నుంచి ఎట్ల నడుస్తం? ఇయ్యాల కూడ రోజు మంచిగున్నదట. తీసి మల్ల ఎత్తు" అంది ఇంటామె.

నేను ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటాడనుకున్నాను. ఆ ఇంటివాళ్ళే మెట్‌పల్లిలో ఇంకో ఇంటి పని కూడా ఆయనకే ఇస్తామన్నారు. ఆయన మాలును వేలితో గీకి చూశాడు.

"ఇంక పచ్చిగనే ఉన్నదమ్మా, ఊడదీసుడు అల్కనే" అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండా, "మాలు కలుపు బిడ్డా" అన్నాడు.

కలిపాను. నేను నిలబెట్టిన దర్వాజను పీకి, అదే చోట, అదే తూకంలో ఆయన నిలబెట్టాడు. తువాల కప్పితే తలవంచి కప్పించుకున్నాడు.

తెలంగాణ వచ్చిందన్న రోజు అడ్డా మీద అందరం గులాల్ చల్లుకున్నాం. నేనూ అరిచాను, ఎగిరాను. తెల్లారి ఎప్పటిలా తట్ట ఎత్తుకున్నాను. ఇప్పటికీ అదే ఎత్తుకుంటున్నాను. కోరుట్ల ఇంటామె మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. ఆమె నన్ను మేస్త్రి అని ఎన్నడూ అనలేదు.