మూలన వచ్చిన బొమ్మలు

మా కంప్యూటర్‌లో ఆ బొమ్మలు మొదట తెర మీద కుడివైపు కింది మూలన వచ్చేవి. "అభినందనలు, మీరు ఫోన్ గెలుచుకున్నారు" అని ఒకటి. "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది" అని ఇంకొకటి. మూసేస్తే పోయేవి, ఇటు తిరిగేలోగా మళ్లీ వచ్చేవి. కొన్నాళ్లకు ఒంటి మీద సరిగ్గా బట్టల్లేని ఆడవాళ్ల బొమ్మలు రావడం మొదలైంది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మౌస్‌ను బల్లకేసి కొట్టేదాన్ని.

నాచారంలో మాది రెండు గదుల పోర్షన్. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. డిజైన్లు చూసుకోవడానికని పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని హాల్లో పెట్టుకున్నాను. అమ్మ చనిపోయిన ఏడాది మా నాయనను నాగారంలో ఆయన ఉండే అద్దె గది నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాను. అంత తేలిగ్గా రాలేదు. బిడ్డ ఇంట్లో తండ్రి ఒక పూట ఉంటాడు, మహా అయితే రెండు పూటలు. అంతకు మించి ఉండడం మా వైపు మర్యాద కాదంటారు. "నీకు కొడుకైనా బిడ్డయినా నేనే కదా నాయినా" అని ఏడిస్తే వచ్చాడు. వచ్చాడు గానీ చుట్టంలాగే ఉన్నాడు. రోజూ సాయంత్రం నడకకు వెళ్లి, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్టో, నాలుగు అరటిపళ్లో తెచ్చేవాడు. బిడ్డ గడప ఖాళీ చేతులతో తొక్కకూడదని ఆయన పట్టింపు. ఇక్కడే ఉంటూ రోజూ తేవడమేంటని నేను నవ్వేదాన్ని.

ఆయన ముప్పై ఏళ్లు నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పని చేశాడు. మధ్యాహ్నం నేను కుట్టు మీద కూర్చుంటే, ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి వాళ్లో ఇనుము చెక్కే వీడియోలు చూసేవాడు. వీడియో పెట్టడం నేనే నేర్పాను. "సూడు, టూల్ ఎట్ల వట్టిండో, గిట్లయితే ఇరుగుతది" అని తెర మీది మనిషిని తిట్టేవాడు. అమ్మ పోయాక ఆయన గొంతు అంత గట్టిగా వినబడింది అప్పుడే.

దసరా ముందు ఒక ఆదివారం మా ఆయన అక్క, నాకు వదిన, కూతురి జాకెట్ కోసం ఉప్పల్ నుంచి వచ్చింది. డిజైన్ చూపిద్దామని కంప్యూటర్ తెరిచాను. నెమలి డిజైన్ పక్కనే ఆ పాడు బొమ్మ వచ్చి కూర్చుంది. మూసేస్తే ఇంకా పెద్దది వచ్చింది. మా అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. మా ఆయన తల తిప్పుకున్నాడు.

"పగటీలి దీని ముందట ఎవరు కూసుంటరు?" అంది వదిన. అడిగింది నన్నే, చూసింది మాత్రం మా నాయన వైపు.

నేను అప్పుడు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆయన్ను పట్టుబట్టి తెచ్చింది నేను. ఇప్పుడు వీళ్ల ముందు నేనేమీ వెనకేసుకు రావడం లేదని చూపించుకోవాలి. అందరి ముందే అరిచాను. "గీ వయసుల గివేంది నాయినా? ఇంట్ల ఎదిగిన పిల్ల ఉన్నదని తెల్వదా?"

"నేను గవి సూడలే బిడ్డా" అన్నాడు.

"మరెవరు సూసిన్రు?"

ఆయన మర్నాడు సంచి సర్దుకున్నాడు. కిందికి వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చి నా చేతికిచ్చి, "బిడ్డ ఇంట్ల గిన్ని దినాలుండుడు మంచిగుండది. ఆ గది ఇంక ఖాళీగనే ఉన్నదట" అన్నాడు. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే నా గుండెల మీద బరువు దిగినట్టయింది.

ఆయన వెళ్లి రెండు వారాలైనా బొమ్మలు ఆగలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆయన అంటించిపోయిన జబ్బు అనుకున్నాను. ఉప్పల్‌లో రిపేరు షాపులో అడిగితే మొత్తం తుడిచేయాలన్నారు. నా డిజైన్లన్నీ పోతాయని భయపడి, ఫోన్లో వీడియోలు చూస్తూ నేనే మొదలుపెట్టాను. ముందు కంప్యూటర్‌లో ఎక్కించిన ప్రోగ్రాముల జాబితా తెరిచి తేదీల వరసలో పెట్టమన్నారు. పెట్టాను. మనకు తెలియనిది ఏదుందో చూడమన్నారు. ఒకటి ఉంది. దాని పేరులో జాకెట్ డిజైన్లు అన్న మాట ఉంది.

ఆ తేదీ నాకు గుర్తుంది. నారపల్లిలో చుట్టాల పెళ్లికి నాయన, మా ఆయన, మా అమ్మాయి ముగ్గురూ వెళ్లారు. జాకెట్లు ఇవ్వాల్సి ఉండి నేనొక్కదాన్నే ఇంట్లో ఉండిపోయాను. వెయ్యి డిజైన్లు ఉచితం అని కనబడితే పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కాను. ఏదేదో అడిగింది. చదవకుండా అన్నిటికీ సరే అన్నాను. బొమ్మలు పంపడానికి అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా తెరిస్తే అన్నీ ఆ రోజువే, అన్నీ జాకెట్ల దారిలో వచ్చినవే. నాయన చూసినవి కూడా వెతికాను. ఇనుము చెక్కే వీడియోలు తప్ప ఒక్కటి లేదు.

ప్రోగ్రాం తీసేశాను. అనుమతులు ఒక్కొక్కటీ రద్దు చేశాను. బ్రౌజర్‌కు అతుక్కున్నదాన్ని పీకేశాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే మూల ఖాళీగా ఉంది. నేను కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను.

మర్నాడే నాగారం వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన అంతా విని, "పోయినయా మరి? మంచిగైంది తియ్యి" అన్నాడు. తర్వాత చాలా మెల్లగా, "అల్లునికి జెప్పినవా?" అని అడిగాడు.

"చెప్పిన" అన్నాను.

చెప్పలేదు. ఆ తప్పు చేసింది నేనేనని మా ఆయనతోనూ, వదినతోనూ అనడానికి నాకు నోరు రాలేదు. "బొమ్మలు పోయినయ్" అని మాత్రం చెప్పాను. నాయన ఇల్లు విడిచి వెళ్లాక పోయాయని వాళ్లనుకున్నారు, అనుకోనిచ్చాను. పండుగలకు పిలిస్తే నాయన వచ్చేవాడు. పళ్లు తెచ్చి, చాయ తాగి, వెళ్లిపోయేవాడు. ఒకసారి నేనే లేత్ వీడియో పెట్టి పిలిచాను. "కండ్లు మసకలైనయ్ బిడ్డా" అని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

మొన్న ఎండాకాలంలో నాగారం గదిలోనే పోయాడు. పదో రోజు వదిన నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. మంచి మనసుతోనే అంది. "పాపం, మంచి మనిషి. ఆ ఒక్కటే గదా. మేమెప్పుడో మర్సిపోయినం."

అప్పుడు చెప్పాను. తేదీ, నారపల్లి పెళ్లి, ఆకుపచ్చ బటన్, అన్నీ చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు వినాలని గట్టిగా చెప్పాను. మా ఆయన నేల చూస్తున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడిచింది.

"ఊకో పిల్లా" అంది. "కన్నతండ్రాయె, నువ్వు గట్లనే అంటవు."